పడని మందుల ఫైలు

3, సోమవారం

కోపం వచ్చినప్పుడు నోటితో అనేదంతా పెన్నుతో అనండి, బీపీ దానంతటదే దిగుతుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఈ లెక్కన ఈ నోటుపుస్తకం వారం కూడా రాదు.

ఇవాళ్టి కోపం ఆసుపత్రి కంప్యూటర్ గదిలో మా మేనేజరు మీద. ఈయనకి నేను పెట్టిన పేరు "అయిపోయిందా". పొద్దున్న రాగానే నమస్కారానికి బదులు అదే మాట, సాయంత్రం వెళ్ళేటప్పుడూ అదే మాట. డిస్కు నిండిపోతోందని నెల నుంచి చెవినిల్లు కట్టుకుని చెబుతున్నాను. ఇవాళ నాలుగోసారి కూర్చోబెట్టి చెప్పాను.

"ఎవరికి ఏ మందు పడదో డాక్టర్లు రాసిన చీటీలన్నీ స్కాన్ చేసి ఒక ఫైల్లో పెట్టాం కదండీ. అది ఎనభై వేల గూళ్ళున్న బీరువా అనుకోండి. రోగి నంబరుతో ఒక లెక్క వేస్తే గూడు నంబరు వస్తుంది. చీటీ అందులో పెడతాం. ఆ గూట్లో అప్పటికే ఇంకొకరిది ఉంటే పక్క గూట్లో, అదీ నిండితే ఆ పక్కదాంట్లో. వెతికేటప్పుడూ అదే దారి."

"బాగానే ఉంది కదా మేడమ్."

"ప్రతి గూడూ ఒక చీటీ పట్టేంత పెద్దది. ఖాళీగా ఉన్నా డిస్కులో అంత చోటూ తింటుంది. అరవై వేల గూళ్ళు వాడకంలోకి రాగానే ఫైలు తనంతట తను రెండింతలవుతుంది. రెండింతలవడానికి డిస్కులో చోటు లేదు. ఇంకో ఐదు వందల గూళ్ళే ఉన్నాయి. రోజుకి ముప్పై చీటీలు వస్తున్నాయి."

"పెద్ద డిస్కు?"

"ఈ మెషిన్‌కి పట్టేది ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యరు. కొత్త మెషిన్ వచ్చే ఏడాది అని మీరే అన్నారు."

ఆయన గడ్డం గోక్కుని తేల్చేశాడు. పదేళ్ళు దాటిన చీటీలన్నీ ఇరవయ్యో తారీకున తీసేద్దాం అన్నాడు. పదేళ్ళ కింద పడని మందు ఇప్పుడు పడుతుందా అని అడిగాను. "అయితే ఈలోగా మీరే చోటు చూడండి" అన్నాడు.

ఇంటికొస్తే వంటింటి అలమర నిండా అత్తయ్య ఖాళీ డబ్బాలు. ఇక్కడా అదే తంతు.

5, బుధవారం

ఫైలంతా మొదటి గూటి నుంచి చివరి గూటి దాకా నడిపించి లెక్క తీశాను. చీటీలు 46,932. మరి వాడకంలో ఉన్న గూళ్ళు యాభై తొమ్మిది వేల పైచిలుకు ఎలా అయ్యాయని చూస్తే, పన్నెండున్నర వేల గూళ్ళలో చీటీ లేదు, ఉత్త గుర్తు ఉంది. "తీసేశాం" అని. రోగి చనిపోయినా, ఊరు మారినా చీటీ తీసేసి ఆ గూట్లో ఈ గుర్తు పెట్టారు. అందులో కొత్త చీటీ పెట్టరు, దాన్ని ఖాళీ అనీ అనరు. పన్నెండున్నర వేల గూళ్ళు శ్మశానంలా పడి ఉన్నాయి.

ఈ ప్రోగ్రాము రాసింది మా గదిలో పనిచేసిన పెద్దాయన. పంతొమ్మిదేళ్ళ కింద రాసి, ఆరేళ్ళ కింద రిటైరైపోయి, హాయిగా మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాడు. తిట్లు మాత్రం నాకు.

6, గురువారం

పెద్దాయనకి ఫోన్ చేశాను. మొక్కల గురించి పావుగంట, మోకాళ్ళ గురించి పావుగంట. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి విషయానికొచ్చి, ఆ గుర్తులు చెరిపేస్తానన్నాను.

"వాటి జోలికి పోకమ్మా" అన్నాడు. "పోతే మాత్రం చీటీలన్నీ బయటికి తీసి మొదటినుంచి మళ్ళీ పేర్చుకో."

"అన్నీ బయటికి తీసి పెట్టడానికి చోటెక్కడండీ? దానికి ఇంకో డిస్కు కావాలి, ఒక రోజంతా ఫైలు ఆపాలి. ఇక్కడ ఒప్పుకోరు."

"ఒప్పించు. ఎందుకంటే వెతికేవాడు ఎక్కడ ఆగాలో..." అంటుండగా మేనేజరు తలుపులోంచి తల పెట్టి "అయిపోయిందా?" అన్నాడు. మళ్ళీ చేస్తానండీ అని పెట్టేశాను. ముసలివాళ్ళకి తాము కట్టిన గోడలో మేకు కొట్టినా నొప్పే. మళ్ళీ చెయ్యలేదు.

8, శనివారం

చేసేశాను. పన్నెండున్నర వేల గుర్తులూ చెరిపి ఖాళీ గూళ్ళు చేశాను. నాలుగు నిమిషాల పని. దీనికి నెల నుంచి రక్తం ఉడికించుకున్నాను.

చెయ్యకముందు చీటీలు 47,018. చేశాక లెక్కపెట్టాను, 47,018. ఒక్కటి అటూ ఇటూ కాలేదు. పాత చీటీలు ఒక్కటీ పోకుండా ఏడాదికి సరిపడా చోటు తీశాను. ఎవరైనా భుజం తడతారేమో అని చుట్టూ చూశాను. ఆఫీసులో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు.

9, ఆదివారం

ఊపు మీద ఉన్నాను కదా, వంటిల్లు పట్టాను. మా ఆయన మూడు నెలలుగా పనిమీద వేరే ఊళ్ళో ఉన్నారు, ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఇద్దరికి నలభై డబ్బాలు. మూతలు తీసి చూస్తే ఇరవై మూడు ఖాళీ. అన్నీ నిండిన డబ్బాల మధ్య వరసలో బుద్ధిగా నిలబెట్టి ఉన్నాయి.

"ఉండనీ అమ్మాయ్" అంది అత్తయ్య. "అవి నిన్నేం చేశాయి?"

"చోటు తింటున్నాయి అత్తయ్యా."

"వాటి చోటు వాటికి ఉండనిస్తే ఏం పోయింది."

"పోయింది నా ఓపిక" అన్నాను. అనకుండా ఉండాల్సింది. పాత సామాన్లవాడిని పిలిచి ఇరవై మూడూ ఇచ్చేశాను. అలమర ఇప్పుడు చూడముచ్చటగా ఉంది. అత్తయ్య మొహం మాడ్చుకుని వరండాలో కూర్చుంది. భోజనానికి రెండుసార్లు పిలిపించుకుంది.

10, సోమవారం

మేనేజరు ఈ రోజు "అయిపోయిందా" అనలేదు. "అయిపోయింది" అన్నాడు. పై వాళ్ళకి ఉత్తరం కూడా రాశాడట. అందులో నా పేరు ఉందో లేదో అడగలేదు. ఉండదు.

12, బుధవారం

మూడో వార్డు హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది. మంచిదే, కానీ ప్రతిదానికీ ఫోనే.

"మేడమ్, ఇక్కడ ఒకాయన ఉన్నారు, డ్రాయింగ్ మాస్టారు చేసి రిటైరయ్యారు. పదమూడేళ్ళ కింద ఇక్కడే ఈ ఇంజెక్షన్ పడలేదు, చీటీ కూడా రాశారు అంటున్నారు. స్క్రీన్ మీద 'వివరం లేదు' అని వస్తోంది. ఒకసారి చూస్తారా?"

"స్క్రీన్ మీద లేదంటే లేదు సిస్టర్."

"ఆయన గట్టిగా అంటున్నారు."

"వేరే ఆసుపత్రిలో అయి ఉంటుంది. పదమూడేళ్ళ కింది మాట ఎవరికి గుర్తుంటుంది? ఒక్క చీటీ కూడా పోలేదు, నేనే లెక్కపెట్టాను."

పాత చీటీలు తీసెయ్యకుండా కాపాడింది నేను. మళ్ళీ నన్నే అడగడం.

13, గురువారం

అత్తయ్య మాట్లాడటం లేదు. నాకూ అంత తీరిక లేదు.

14, శుక్రవారం

మూడో వార్డులో ఎవరికో ఇంజెక్షన్ వికటించి, ఊపిరాడక, బుధవారం సాయంత్రం ఐసీయూకి తీసుకెళ్ళారని క్యాంటీన్‌లో అనుకుంటున్నారు. వయసైన మనిషట. ఆసుపత్రన్నాక వికటిస్తూనే ఉంటాయి.

వార్డుకి వెళ్ళి ఎవరో కనుక్కుందామని మెట్ల దాకా వెళ్ళాను. లిఫ్టు పనిచెయ్యడం లేదు. తిరిగొచ్చేశాను. మూడో వార్డు మొదటి అంతస్తులోనే ఉంది.

లెక్క సరిపోయింది.

15, శనివారం

మళ్ళీ లెక్కపెట్టాను. పాతవి 47,018, వారంలో వచ్చినవి 176. మొత్తం 47,194. సరిపోయింది. ఇంకోసారి లెక్కపెట్టాను. సరిపోయింది. సరిపోయిన లెక్కని మళ్ళీ మళ్ళీ పెట్టేవాళ్ళని ఏమంటారో డాక్టరమ్మని అడగాలి.

16, ఆదివారం

ఇవాళ్టిది రాయబుద్ధి కావడం లేదు. అయినా వరసగా రాస్తాను.

పొద్దున్న అత్తయ్య టీ పెట్టుకుంటోంది. నాక్కూడా ఒక గ్లాసు ఇచ్చింది, మాట లేకుండా. తాగితే చక్కెర లేదు. చేదు.

"చక్కెర వెయ్యలేదేం అత్తయ్యా?"

"అయిపోయింది కదా."

"ఎప్పుడు అయిపోయింది?"

"వారమైంది. నువ్వు తేలేదు. కోపంగా ఉన్నావు కదా, అడగడమెందుకని ఊరుకున్నాను."

చక్కెర డబ్బా నిండుగా ఉంది. నేనే తెచ్చి పోశాను. అలమర తెరిచి చూపించాను. ఆవిడ చూడలేదు. చెయ్యి పెట్టింది. ఉప్పు డబ్బా తడిమింది, పక్కన టీపొడి, ఆ పక్కన చెయ్యి గాలిలో ఆగింది. అక్కడ అంతకుముందు రెండు ఖాళీ డబ్బాలు ఉండేవి. చక్కెర ఆ ఖాళీకి అవతల ఉంది, జానెడు దూరంలో.

"ఇంకొంచెం పక్కకి పెట్టండి" అన్నాను.

"అక్కడేమీ లేదు కదా అమ్మాయ్. డబ్బా తగిలితే మూత తీసి చూస్తాను, ఖాళీదైతే ఇంకా పక్కకి వెళ్తాను. చేతికి ఏమీ తగలకపోతే వరస అక్కడితో అయిపోయిందని."

"మీకు కనబడదా?"

"మసక మసకగా" అంది. "ఏడాది నుంచి."

ఏడాది. ఒకే ఇంట్లో ఉంటూ ఏడాది నుంచి నాకు తెలియదు. వారం రోజులు చేదు టీ తాగింది, నేను సాధిస్తున్నాననుకుని.

నేను అలమర ముందు అలాగే నిలబడిపోయాను. ఆవిడ చెయ్యి ఆగిన చోటే చూస్తున్నాను. గుర్తు తగిలితే ఇంకా పక్కకి వెళ్ళు. ఏమీ తగలకపోతే ఆగిపో. వెతికేవాడు ఎక్కడ ఆగాలో. పెద్దాయన చెప్పబోయింది ఇదే. నేను ఫోన్ పెట్టేశాను.

చెప్పులు వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. సిస్టర్ని అడిగి మాస్టారి నంబరు తీసుకుని కొట్టాను. చీటీ వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. తేదీ చూశాను. పన్నెండో తారీకు, ఈ నెల. ఇంజెక్షన్ వికటించాక సిస్టర్ కొత్తగా రాసిన చీటీ అది.

అప్పుడు ఫైలు మొదటి గూటి నుంచి చదివించాను. అక్కడికి మూడు గూళ్ళ అవతల, అదే నంబరుతో, పదమూడేళ్ళ కిందటి చీటీ ఉంది. డాక్టరు చేతిరాత. మందు పేరు కింద రెండు గీతలు. కొత్త చీటీ కూర్చున్నది నేను చెరిపిన గూట్లో. బుధవారం అది ఖాళీ. వెతికే ప్రోగ్రాము అక్కడిదాకా వచ్చి, ఖాళీ చూసి, లేదని చెప్పి వెనక్కి పోయింది. లెక్క మాత్రం సరిపోతుంది, ఎందుకంటే లెక్కపెట్టేది ఖాళీల దగ్గర ఆగదు, చివరిదాకా నడుస్తుంది. నేను లెక్కపెట్టాను కానీ ఒక్కళ్ళనీ వెతకలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఒక్కళ్ళని కూడా వెతికి చూడలేదు.

నలభై ఏడు వేల నంబర్లూ ఒక్కొక్కటే వెతికించాను. 6,912 మంది దొరకలేదు. అందరి చీటీలూ ఉన్నాయి.

సిస్టర్‌కి చెప్పాను. ఫైలు నమ్మొద్దు, ప్రతి ఒక్కళ్ళనీ నోటితో అడగండి, అన్ని వార్డులకీ చెప్పండి అన్నాను. "మీరేనా చెరిపింది?" అంది. నేనే అన్నాను. సిస్టర్ వెంటనే ఫోన్లు మొదలుపెట్టింది. మాస్టారు బతికే ఉన్నారు. శనివారం ఐసీయూ నుంచి వార్డుకి తెచ్చారు.

17, సోమవారం

6,912 నంబర్ల జాబితా ప్రింటు తీసి వార్డులకి పంచాను. పైన నా పేరు రాశాను. మేనేజరు చూసి నీళ్ళు నమిలాడు.

"మనిషి బాగానే ఉన్నాడుగా మేడమ్. నెమ్మదిగా సరిచేసుకుంటే సరిపోయేది. ఇలా కాగితం మీద పెట్టడమెందుకు? పైకి ఉత్తరం కూడా రాసేశాను నేను."

"ఇంకో ఉత్తరం రాయండి."

"ఏమని?"

"అవ్వలేదని."

మధ్యాహ్నానికి నాకు మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మొదటిసారి ఆయన మీద కోపం రాలేదు. అదే చిరాగ్గా ఉంది.

18, మంగళవారం

నిన్న రాత్రి ఫోన్ చేసి జరిగింది చెబితే, పెద్దాయన బస్సులో వచ్చాడు. సంచిలో తన సొంత డిస్కు, మందుల పెట్టె. చెప్పాను కదా అని ఒక్క మాటైనా అంటాడని రోజంతా చూశాను. అనలేదు. ఒళ్ళు మండిపోయింది. అనేస్తే నాకు సుఖంగా ఉండేది.

బయటి డిస్కు పెట్టడానికి మేనేజరు ఒక్క నిమిషంలో ఒప్పుకున్నాడు. ఎనిమిదో తారీకున ఎందుకు ఒప్పుకోలేదని ఉడికిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, అప్పుడు నేను అడగనే లేదు. నిబంధనలంటాడని నేనే అనుకున్నాను.

19, బుధవారం

చీటీలన్నీ పెద్దాయన డిస్కులోకి తీశాం. ఎలాగూ మళ్ళీ పేరుస్తున్నాం కదా, ఖాళీ గూటికి చీటీ అంత చోటెందుకు అని అడిగాను. పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి నా వైపు చూశాడు.

కొత్త పద్ధతి ఇది. చీటీలు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో సందు లేకుండా ఒక ఫైల్లో. గూళ్ళు వేరే ఫైల్లో. గూట్లో చీటీ ఉండదు, ఆ చీటీ ఎన్నోదో చెప్పే అంకె ఒక్కటే ఉంటుంది. ఖాళీ గూడు తినేది ఒక అంకె పట్టే చోటు. ఇక గుర్తులు ఎన్నున్నా మనకి బరువు కాదు, వాటి చోట వాటిని ఉండనివ్వొచ్చు. మొత్తం ఫైలు పాతదానిలో మూడింట రెండొంతులకి లోపే వచ్చింది.

"నాకప్పుడు తట్టలేదమ్మా" అన్నాడు పెద్దాయన.

"నాకు మాత్రం పదకొండు రోజుల కింద తట్టిందా" అన్నాను.

20, గురువారం

లెక్కపెట్టలేదు. 47,290 నంబర్లూ ఒక్కొక్కటే వెతికించాను. మూడు గంటలు పట్టింది. అన్నీ దొరికాయి. పక్కన పెద్దాయన కుర్చీలోనే కునుకు తీశాడు. లేపి చెబితే "ఊఁ" అని మళ్ళీ పడుకున్నాడు.

సంజాయిషీ రాసిచ్చాను. నాలుగు వాక్యాలు. ముందు రాసినది రెండు పేజీలు, అందులో డిస్కు, మేనేజరు, పాత మెషిన్ అందరూ ఉన్నారు. చింపేశాను.

22, శనివారం

డ్రాయింగ్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. రెండు రోజులుగా వెళ్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. మొహం మీద వాపు తగ్గలేదు. నేనెవరో, ఏం చేశానో చెప్పాను. చీటీ ఉందని, దొరక్కుండా చేసింది నేనని, సిస్టర్ అడిగితే లేదన్నది కూడా నేనేనని.

తిడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన నన్ను కాదు, పాత చీటీ గురించి అడిగారు.

"అయితే ఉందా అమ్మా?"

"ఉందండీ. మందు పేరు కింద రెండు గీతలు కూడా ఉన్నాయి."

"నేను చూస్తుండగానే గీశారు డాక్టరుగారు" అన్నారు. కాసేపు ఊపిరి తీసుకున్నారు. "కంప్యూటర్లో లేదన్నారు కదా. వయసైపోయింది, నాదే పొరపాటేమో అనుకున్నాను. అందుకే చెయ్యి చాపాను."

చాలాసేపు ఆ మంచం పక్కనే కూర్చున్నాను. వచ్చేటప్పుడు క్షమించమని అడిగాను. రేపు కూడా రమ్మన్నారు. పేపరు చదివి వినిపించడానికి ఎవరూ లేరట.

23, ఆదివారం

పాత సామాన్లవాడి దగ్గర డబ్బాలు లేవు. బజారులో ఇరవై మూడు కొత్తవి కొన్నాను. ఏది ఎక్కడ ఉండేదో అత్తయ్య చెబుతుంటే ఒక్కొక్కటే పెట్టాను. "అది కాదు, కాస్త ఎడమకి" అని తెగ సతాయించింది. పక్కకి జరపమన్న డబ్బానే మళ్ళీ వెనక్కి జరపమంది. విసుక్కున్నాను. ఆవిడా విసుక్కుంది. మాటలు మొదలయ్యాయి, అదే చాలు.

24, సోమవారం

సర్వీసు పుస్తకంలో హెచ్చరిక రాశారు. రాయాల్సిందే. సంతకం పెట్టి వచ్చేముందు ఒక పనికి మేనేజరుని ఒప్పించాను. చీటీ కనబడనప్పుడు స్క్రీన్ మీద పంతొమ్మిదేళ్ళుగా వస్తున్న "వివరం లేదు" తీసేసి, "వివరం దొరకలేదు. మనిషిని అడగండి" అని పెట్టాను. పెద్ద అక్షరాలు ఎందుకు మేడమ్ అన్నాడు మేనేజరు. చదవడానికి అన్నాను.

25, మంగళవారం

అత్తయ్యని కళ్ళకి చూపించాను. శుక్లాలు. రెండు కళ్ళకీ ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎప్పుడో తీసుకురావాల్సిందమ్మా అన్నాడు కంటి డాక్టరు, నా వైపే చూస్తూ.

ఆపరేషన్‌కి పేరు రాసుకునే చోట ఎవరో కొత్త సిస్టర్. నేనెవరో తెలియదు. అత్తయ్య నంబరు కొట్టింది, స్క్రీన్ చూసింది, ఏమీ లేదని రాసేసుకుంటుందేమోనని నేను ముందుకి వంగాను. ఆ అమ్మాయి స్క్రీన్ వదిలేసి కుర్చీ అత్తయ్య వైపు తిప్పింది.

"అమ్మమ్మా, నీకు ఎప్పుడైనా ఏ మందైనా పడలేదా?"

ఏమీ లేవని నేను చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అత్తయ్య నాకంటే ముందే మొదలుపెట్టింది. మా ఆయన పుట్టినప్పుడు ఏదో సూది వేశారట. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు పూడుకుపోయి, మూడు రోజులు తెలివి లేదట. అది మళ్ళీ జన్మలో వేయించుకోవద్దని డాక్టరు చెప్పాడట. మందు పేరు ఇన్నేళ్ళయినా తప్పు పోకుండా చెప్పింది. డ్రాయింగ్ మాస్టారికి వేసిన మందే.

"ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను బయటికి వచ్చాక.

"ఇరవై రెండేళ్ళలో నువ్వెప్పుడు అడిగావు?" అంది. కోపంగా కూడా అనలేదు.

వరండాలో బెంచీ మీద ఆవిడని కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని మా గదికి వెళ్ళాను. అత్తయ్య చీటీ అప్పటికే స్కాన్ అయి వచ్చింది. నంబరు కొట్టి వెతికాను. దొరికింది. ఇంకోసారి వెతికాను.